పేషెంట్ తాలూకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబులో అందరికీ తెలుసు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో నన్ను చాటుగా తిట్టుకోనివాళ్లు లేరు. ఆ సంగతి నాకూ తెలుసు. తిట్టుకోనీ. ఒకరి కిడ్నీ మరొకరి ఒంట్లో ఇముడుతుందో లేదో ముందుగా చెప్పాల్సినవాళ్లం మేము. కోసేవాళ్లు, కుట్టేవాళ్లు వేరే ఉన్నారు, పూలగుత్తులు వాళ్లకి వెళ్తాయి. మేము ఆసుపత్రి వెనక బ్లాకులో, లాండ్రీ పక్కన, కిటికీ తీస్తే సబ్బు ఆవిరి కొట్టే గదిలో కూర్చుని ఒకరి నెత్తురు ఇంకొకరి నెత్తుర్ని చూసి ఏమంటుందో కనిపెడుతుంటాం. మా గది ఎక్కడుందో ఆసుపత్రిలో సగం మందికి తెలియదు. మేం వద్దంటే మాత్రం ఎంత పెద్ద సర్జనైనా కత్తి కింద పెట్టాల్సిందే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, దాచుకోవడం దేనికి.

చేసే పని చెప్పుకుంటే సులువే. కిడ్నీ కావలసిన మనిషి నెత్తురు తేరాక పైన మిగిలే పలచటి నీరు తీసుకుంటాం. ఇచ్చే మనిషి నెత్తుట్లోంచి తెల్లకణాలు వేరు చేస్తాం. చిన్న చిన్న గుంటలున్న పళ్లెంలో రెండూ చుక్క చుక్క కలిపి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తాం. ఆ కణాలు బతికి ఉంటే పచ్చగా మెరుస్తాయి, చస్తే ఎర్రబడతాయి. పచ్చగా ఉంటే ముందుకెళ్లొచ్చు. ఎర్రబడ్డాయంటే పేషెంట్ ఒళ్లు ఆ కిడ్నీని ఆపరేషన్ బల్ల మీదే చంపేస్తుంది. దీన్ని క్రాస్‌మ్యాచ్ అంటాం. టైపింగ్ అని ఇంకోటుంది. ప్రతి మనిషి కణాల మీదా తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన గుర్తులుంటాయి. ఇద్దరికీ ఎన్ని గుర్తులు కలిశాయో చూడటమే టైపింగ్. తోడబుట్టినవాళ్లలో అన్నీ కలిసే అదృష్టం నలుగురిలో ఒకరికి పడుతుంది.

నా తర్వాత ఆ గదిలో సీనియర్ నత్త. ఆమెకి ఆ పేరు పెట్టింది నేనే. ఇద్దరు పిల్లల తల్లి, నాకంటే పదిహేనేళ్లు చిన్న. నేను రెండు పళ్లేలు ముగించి చెయ్యి కడుక్కునేసరికి ఆమె మొదటి పళ్లెంలో ఇంకా చుక్కలు వేస్తూ ఉంటుంది. ప్రతి ట్యూబునీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దాని మీది పేరు పెదాలు కదుపుతూ చదువుకుంటుంది, అదేదో ప్రేమలేఖ అయినట్టు. పక్కన పెట్టి మళ్లీ తీసి చదువుతుంది. "నువ్విలా చూస్తూ కూర్చుంటే వీళ్లకి కిడ్నీ అందేలోపు ముసలివాళ్లయిపోతారు," అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. "అలాగే మేడం," అంటుంది. అని, సరిగ్గా అంతే నెమ్మదిగా ఇంకో ట్యూబు ఎత్తి చూస్తుంది. ఎదురు చెప్పేవాళ్లతో వేగగలను గానీ, ఇలా తలూపి తన పని తాను చేసుకుపోయేవాళ్లతో నాకు అస్సలు పడదు.

అలాంటిది, మా ఇంటి కేసు ఆమె చేతిలో పడింది.

పేషెంట్ మా ఆయన చెల్లెలు. నలభై దగ్గర పడుతున్నా ఇంట్లో అందరికీ పాపాయే. కారు నడపడం నేర్పుతుంది. పట్టణంలో చాలామంది ఆడవాళ్లకి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. పక్క సీట్లో కూర్చుని, గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ల చేత బ్రేకు తొక్కించగలదు. రెండో కాన్పు తర్వాత ఒంట్లో బాగోలేక, ఎన్నో సీసాల నెత్తురు ఎక్కించాల్సి వచ్చింది. కొన్నేళ్లకి కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో కూర్చోవడం మొదలయ్యాక కారు తాళాలు భర్త చేతికిచ్చేసింది. అడిగితే, "కాళ్లు బరువుగా ఉంటున్నాయి వదినా, బ్రేకు మీదికి టైముకి వస్తాయో రావో," అంది. అంతకుమించి ఏనాడూ తన బాధ బయటికి చెప్పుకోలేదు. ఆ సంవత్సరం ఆమె చేతికి ఉన్న సూది గుర్తులు చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. రోజూ నెత్తురుతో పనిచేసేదాన్ని నేను.

కిడ్నీ ఇస్తానని మా ఆయన ముందుకొచ్చారు. బ్లడ్ గ్రూపు కలిసింది. ఒళ్లంతా పరీక్షలు చేశారు, మనిషి గుండ్రాయిలా ఉన్నారన్నారు. ఒకటే చిక్కు. ఆయనకి సూదంటే ప్రాణం పోతుంది. మా పెళ్లయిన కొత్తలో నా ఉద్యోగమేమిటో చెబితే, చేతులు వెనక్కి పెట్టుకుని విన్న మనిషి.

మా ల్యాబులో రెండు నియమాలున్నాయి. పెట్టింది నేనే. సొంతవాళ్ల కేసు సొంతవాళ్లు ముట్టుకోకూడదు. ఆశ ఉన్న కంటికి ఎర్ర చుక్క కూడా పచ్చగానే కనబడుతుంది. రెండోది, కిడ్నీ ఇచ్చేవాళ్ల నెత్తురు మా గదిలోనే తియ్యాలి. ఆ మనిషి తన పేరు తన నోటితో చెప్పాలి, ఆయన చూస్తుండగానే ట్యూబు మీద చీటీ అతికించాలి. మొదటి నియమం ప్రకారం కేసు నత్తకి అప్పగించాను. రెండోదాన్ని మాత్రం నేనే పక్కన పెట్టాను. ఆయన్ని మా గదికి తీసుకొస్తే గుమ్మంలోనే పడిపోతారు. చెల్లెలి పక్కన కూర్చోబెడితే కబుర్లలో పడి సూది సంగతి మర్చిపోతారు కదా అని, డయాలసిస్ వార్డు నర్సుకి ఫోన్ చేసి, "ఇద్దరివీ అక్కడే తీసి పంపించేయమ్మా," అన్నాను. నేనడిగితే కాదనేవాళ్లెవరు? ట్యూబులు చీటీలతో సహా వచ్చాయి. నత్త వాటిని చూసి నావైపు ఒకసారి చూసింది. "మన గదిలో తియ్యలేదా మేడం?" అంది. "వార్డులో తీశారు, పని చూడు," అన్నాను. "అలాగే మేడం," అంది.

మర్నాడు టైపింగ్ అయింది. చూడకూడదు. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె వెనక నుంచి నా బల్ల దగ్గరికి వెళ్తూ ఉంటే, దేవుడిచ్చిన కళ్లు మూసుకుని నడవలేను కదా. అన్న గుర్తులూ చెల్లెలి గుర్తులూ ఒక్కటి కూడా తేడా లేకుండా కలిశాయి. అప్పటికి క్రాస్‌మ్యాచ్ పళ్లెం కూడా అయింది, పచ్చగా ఉందని పక్క బల్లవాళ్ల మాటల్లో తెలిసింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వరండాలోకి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేశాను. మా ఆయన ఫోన్‌లోనే ఏడ్చేశారు. పాపాయి మాత్రం, "అన్నీ కలిశాయా? చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక్క విషయంలోనూ కలిసి ఏడవలేదు, వదినా," అని నవ్వింది. ఆ నవ్వు వెనకే ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆ సంవత్సరంలో ఆమె ఏడుపు వినడం అదే మొదలు.

సర్జన్‌కీ చెప్పేశాను. వచ్చే వారం థియేటర్ ఖాళీ ఉంది, రిపోర్ట్ పంపిస్తే తేదీ రాసేస్తానన్నాడు. ఆపరేషన్‌కి ముందు ఇంకోసారి క్రాస్‌మ్యాచ్ చేస్తాం, నిజమే. కానీ అన్ని గుర్తులూ కలిసినవాళ్ల కేసంటే అందరికీ అలుసు. కొత్త కిడ్నీ మీద ఒళ్లు తిరగబడకుండా ఇచ్చే మందులు తక్కువ మోతాదులో మొదలుపెడతారు, ఆఖరి పరీక్షని లాంఛనంగా కానిచ్చేస్తారు. అంత నమ్మకం ఆ కాగితానికి.

మధ్యాహ్నమైంది, రిపోర్ట్ వెళ్లలేదు. సర్జన్ మళ్లీ ఫోన్ చేశాడు. నాకు ఒళ్లు మండింది. నత్త బల్ల దగ్గరికి వెళ్లాను.

"రిపోర్ట్ ఎందుకు పంపలేదు?"

"ఇంకా పూర్తి కాలేదు మేడం."

"టైపింగ్ అయింది, క్రాస్‌మ్యాచ్ అయింది. ఇంకేం మిగిలింది, ముహూర్తమా?"

"ఆ ట్యూబు నాకు నచ్చలేదు మేడం."

"నచ్చడానికి అదేం చీరా? ఏం నచ్చలేదో చెప్పు."

ఆమె లేచి నిలబడింది. చేతి తొడుగులు తీసి చెత్తబుట్టలో వేసింది. మొహంలో భయం లేదని అనను, పెదాలు తడుపుకుంది. గొంతు మాత్రం వణకలేదు.

"మీరు పేషెంట్ తాలూకు మేడం. ఈ కేసు గురించి మీతో మాట్లాడకూడదు. దయచేసి బయట కూర్చోండి."

గదిలో అప్పటిదాకా గిర్రున తిరుగుతున్న మిషన్ అప్పుడే ఆగింది. మిగతా ఇద్దరూ తలలు పళ్లేల్లోకి దూర్చేశారు. నా గదిలోంచి నన్ను బయటికి పొమ్మన్న మనిషిని అంతవరకు చూడలేదు. నోటిదాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. ఏదీ అనలేదు. అనకపోవడానికి కారణం నా మంచితనం కాదు, ఆమె చదివింది నా నియమాన్నే. తలుపు గట్టిగా వేసి బయటికి వచ్చాను.

వరండాలో పేషెంట్ల తాలూకు వాళ్ల కోసం ఒక బెంచీ ఉంది. ఇన్నేళ్లలో దాని పక్క నుంచి నడిచాను గానీ దాని మీద కూర్చోలేదు. ఒక కాలు పొట్టి, కూర్చుంటే పక్కకి ఒరుగుతుంది. లాండ్రీ బండ్లు రాసుకుంటూ వెళ్తాయి. ఎదురుగా మా తలుపు, దానికి మంచు పట్టినట్టుండే అద్దం. లోపల నీడలు కదులుతుంటాయి, ఎవరు ఏం చేస్తున్నారో తెలియదు. అక్కడ కూర్చున్నవాళ్లకి మా గది ఇలా కనబడుతుందా అనుకున్నాను. తర్వాత మళ్లీ కోపమే. ఆమెని వేరే విభాగానికి ఎలా పంపించాలి, ఏమని రాయాలి, ఆ వాక్యాలు మనసులో కూర్చుకుంటూ ఉన్నాను. మంచి వాక్యాలే కుదిరాయి.

కాసేపటికి సర్జన్ తనే దిగి వచ్చాడు. నన్ను బెంచీ మీద చూసి ఆశ్చర్యపోయాడు గానీ అడగలేదు, లోపలికి వెళ్లాడు. తలుపు సగం తెరిచే ఉంది కాబట్టి వినిపించింది.

"ఏంటమ్మా ఆలస్యం? ఇది మేడం ఇంటి కేసు, తెలుసుగా?"

"తెలుసు సార్. అందుకే."

"అందుకే అంటే?"

"మేడం ఇంటి కేసు కాకపోతే ఈ ట్యూబులు నేను తీసుకునేదాన్ని కాదు సార్. తిప్పి పంపేసేదాన్ని. తీసుకున్నాను కాబట్టి నేనే తేల్చాలి. సాయంత్రం లోపు చెబుతాను."

సర్జన్ బయటికి వచ్చి, నన్ను చూసి, పైకి చూసి, భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఆ వయసులో నేనైతే ఆయన ముందు అంత నిలకడగా మాట్లాడి ఉండేదాన్నా? అరిచి ఉండేదాన్ని. అరిస్తే ఎదుటివాళ్లకి తప్పించుకునే దారి దొరుకుతుంది. నత్త దారి ఇవ్వలేదు.

సాయంత్రం ఆయన్ని మళ్లీ పిలిపించింది. "మేడం కూడా వింటే మంచిది సార్, మీరు ఒప్పుకుంటే," అంది. ఆయన ఊ అన్నాడు. నా గదిలోకి నేను ఆయన అనుమతితో వెళ్లాను.

బల్ల మీద స్టాండులో రెండు ట్యూబులు పక్కపక్కన ఉన్నాయి. మిషన్‌లో తిప్పి తీసినవి. నెత్తురు అలా తిప్పితే ఎర్రదనమంతా అడుక్కి దిగి, పైన పసుపు నీరు తేలుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి ఎరుపు దాదాపు సగం దాకా ఉంటుంది. డయాలసిస్ పేషెంట్లకి నెత్తురు తక్కువ కాబట్టి అడుగున కొంచెమే.

"పేషెంట్ ట్యూబు ఇది. అన్నగారి ట్యూబు ఇది," అంది నత్త. "రెండింట్లోనూ ఎరుపు ఎంతుందో చూడండి సార్."

రెండింట్లోనూ ఒకే మట్టానికి ఉంది. అడుగున కొంచెమే.

"అన్నగారికి ఒళ్లంతా పరీక్షలు చేశారు. నెత్తురు పుష్కలంగా ఉందని రాశారు. ఈ ట్యూబు మాత్రం పేలవంగా ఉంది. మొదటిరోజు తిప్పినప్పుడే అనుమానమొచ్చింది. ఇవాళ గుర్తులన్నీ కలిసేసరికి అనుమానం ఇంకా పెరిగింది. అందుకని ఇంకో పరీక్ష పెట్టాను, ఆడో మగో తేల్చేది." ఆమె ఒక్క క్షణం ఆగింది. నావైపు చూడలేదు. "అన్నగారి పేరున్న ట్యూబులో ఉన్నది ఆడమనిషి నెత్తురు సార్. రెండు ట్యూబులూ పేషెంట్‌వే. ఆవిడ నెత్తురుకి ఆవిడ నెత్తురే సరిపోయిందని చెప్పాం మనం."

సర్జన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.  వెంటనే మా ఆయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఆవేళ వార్డులో మీకు నెత్తురు తీశారా?"

"నాకా? నేను టీ తాగి వచ్చేసరికి 'అయిపోయింది సార్, మీరు వెళ్లొచ్చు' అన్నారు."

"మీ చేతికి సూది గుచ్చారా లేదా?"

"లేదు."

"మరి ఎందుకని అడగలేదు?"

"అంతకుముందు పరీక్షలకి తీశారుగా, అదే సరిపోయిందేమో అనుకున్నా. సూది గుచ్చకుండా వదిలేస్తే, ఎందుకు గుచ్చలేదని నేను దెబ్బలాడతానా?"

ఆ మాటకి సర్జన్‌కి నవ్వొచ్చింది. నాకు రాలేదు. వార్డులో కనుక్కుంటే తెలిసింది: ఒక నర్సు ట్యూబులన్నిటికీ ముందుగానే చీటీలు అతికించి ట్రేలో పెట్టింది. వేరే ఎవరో కేకేస్తే అటు వెళ్లింది. ఇంకో నర్సు వచ్చి, పాపాయి పెళ్లయినా మార్చుకోని ఇంటిపేరే అన్నిటి మీదా కనబడేసరికి అన్నీ పాపాయివే అనుకుని, డయాలసిస్ మిషన్ గొట్టం నుంచే వరసగా నింపేసింది. మా గదిలో తీసి ఉంటే ఇది జరిగేది కాదు. ఎందుకు మా గదిలో తియ్యలేదో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. నత్త ఆ మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను. సర్జన్ ముందే అన్నాను, నా సిఫారసు వల్లే ఇలా అయిందని.

మర్నాడు మా ఆయన మా గదికి వచ్చారు. నేను బెంచీ మీదే ఉన్నాను. తలుపులోంచి నత్త గొంతు వినబడుతూనే ఉంది. "మీ పేరు మీరే చెప్పండి." ఆయన చెప్పారు. "మళ్లీ చెప్పండి." మళ్లీ చెప్పారు. "ఇప్పుడు ఈ చీటీ మీద ఉన్నది చదవండి." చదివారు. ఆ తర్వాత ఏదో పడ్డ చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, "ఏం కాలేదు, నీళ్లు తాగండి," అన్న మాట. బయటికి వచ్చినప్పుడు మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "తీసింది," అన్నారు విజయం సాధించినవాడిలా, దూది అదిమిపెట్టిన చెయ్యి చూపిస్తూ.

ఈసారి టైపింగ్ సగమే కలిసింది. సగం కలిసినా ఫర్వాలేదు, మందులతో నెట్టుకు రావచ్చు. అసలు సంగతి క్రాస్‌మ్యాచ్. నత్త చదివింది, ఇంకొకరు విడిగా చదివారు, ఇద్దరూ ఒకటే రాశారు. రిపోర్ట్ వెళ్లిపోయాక, ఇక నా కళ్లు ఏమీ మార్చలేవు కాబట్టి, పళ్లెం చూడనిచ్చింది. కంటిని మైక్రోస్కోపుకి ఆనించాను. ఒక గుంట, పక్క గుంట, దాని పక్క గుంట. అన్నీ ఎర్రగా ఉన్నాయి. మా ఆయన కణాలు పాపాయి నెత్తుట్లో ఒక్కటి కూడా బతకలేదు. కాన్పులప్పుడూ, ఎక్కించిన సీసాలప్పుడూ ఆమె ఒళ్లు పరాయి గుర్తుల మీద పగ పట్టడం నేర్చుకుంది. ఆ గుర్తులే అన్న దగ్గర ఉన్నాయి.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లు కనబడతాయి. ఆ కిడ్నీ థియేటర్‌లో, వాళ్లిద్దరూ పక్కపక్క గదుల్లో మత్తులో ఉండగా, నల్లబడి ఉండేది. ఆఖరి పరీక్ష ఆపి ఉండేదేమో. ఆపకపోయీ ఉండొచ్చు. ఆ ఊహ దగ్గర నా బుర్ర ఆగిపోయింది.

"మొదటిరోజే అనుమానమొస్తే నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాను, మైక్రోస్కోపులోకే చూస్తూ.

"అనుమానంతో వస్తే మీరు అరుస్తారు మేడం."

"రుజువుతో వస్తే?"

"అప్పుడూ అరుస్తారు. కానీ చూస్తారు."

ఇంతకు ముందు ఎవరైనా నన్ను గురించి ఇలా అని ఉంటే ఆ మనిషి ఆ రోజు ఇంటికి సుఖంగా వెళ్లి ఉండేది కాదు. ఇప్పుడు మాత్రం నాకు ఛాతీ ఉబ్బింది. గర్వంతోనే. నా కోపాన్ని కూడా లెక్కలో వేసుకుని, దాన్ని దాటుకుని, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి తన పని తాను ముగించిన మనిషి. నేను నేర్పిన మనిషి. పిల్లలు క్లాసులో మొదటొస్తే తల్లులు ఇంటింటికీ తిరిగి చెప్పుకుంటారు చూడండి, నాకు అలా వరండాలో లాండ్రీ బండివాడిని ఆపి అయినా చెప్పాలనిపించింది. ఆ వారం జరిగిన డాక్టర్ల సమావేశంలో నిజంగానే చెప్పాను. నా తప్పుతో సహా, ఎక్కడా మింగకుండా, చెప్పాల్సిన దానికంటే ఎక్కువసేపే చెప్పాను. సర్జన్ గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ.

పాపాయికి చెప్పడమే కష్టమైంది. డయాలసిస్ కుర్చీ పక్కన స్టూల్ వేసుకుని మొత్తం చెప్పాను. అన్నయ్య కిడ్నీ పనికి రాదన్న మాట దగ్గర ఆమె కళ్లు మూసుకుంది.  మిషన్‌లో ఆమె నెత్తురు తిరుగుతూనే ఉంది.

"అయితే అన్నయ్యవి రెండూ అన్నయ్య దగ్గరే ఉన్నాయి," అంది చివరికి.

"ఉన్నాయి."

"వాడిది తీసి చెత్తలో పడేయాల్సి వచ్చేదా?"

"వచ్చేదేమో."

ఆమె తల ఊపింది. "ఎవరావిడ, నిన్ను బయటికి పంపింది?"

చెప్పాను. వయసు, పిల్లలు, ట్యూబుని వెలుతురుకి ఎత్తి చూసే తీరు. నత్త అని పేరు పెట్టానని కూడా చెప్పాను. పాపాయి నావైపు అదోలా చూసింది, స్టీరింగు తప్పుగా తిప్పినవాళ్లని చూసే చూపు.

"కారు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో వేగంగా నడిపేవాళ్లు బోలెడుమంది, వదినా. ఎదురుగా ఏదో ఉందని అనిపించగానే, వెనక ఎంతమంది హారన్ కొడుతున్నా ఆపేసేవాళ్లు ఎప్పుడో ఒకరు దొరుకుతారు. వాళ్లకి నేను పెద్దగా నేర్పేదేమీ ఉండదు. ఆ పేరు తీసెయ్."

తీసేశాను. ఆ రోజు నుంచి 'అమ్మా' అనే పిలుస్తున్నాను. మొదట్లో ఆమె భయపడింది, ఏదో తిట్టు వస్తుందేమోనని.

తర్వాత పాపాయిని మార్పిడి జాబితాలో పెట్టారు. సొంతవాళ్లకి ఇవ్వాలని వచ్చి, సరిపడక ఆగిపోయిన జంటల్ని అటూ ఇటూ కలిపే పద్ధతి. వేసవి వచ్చి పోయింది. పాపాయి మొహం మరీ నల్లబడింది, మెట్లెక్కడం మానేసింది. ఎవరి కిడ్నీ చూసినా ఆమె నెత్తురు ఎర్ర జెండా ఎత్తుతూనే ఉంది. వర్షాలు మొదలయ్యాక ఒక జంట వచ్చింది. లిఫ్టులు బాగుచేసే ఒకతను తండ్రికి ఇవ్వాలనుకున్నాడు, గ్రూపు కుదరలేదు. అతని కిడ్నీ పాపాయికి, మా ఆయనది ఆ పెద్దాయనకి. మా ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. "సూదులకే పడిపోతున్నావు, కత్తులకి ఏమవుతావురా?" అని పాపాయి ఏడిపించింది. "మత్తిస్తారుగా, చూడక్కర్లేదు," అన్నారాయన. అంత పిరికి మనిషి అంత ధైర్యం ఎక్కడ దాచుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆఖరి క్రాస్‌మ్యాచ్. లిఫ్టు మెకానిక్ కణాలు, పాపాయి నెత్తురు. మేమంతా ఆ ఒరిగే బెంచీ మీద ఉన్నాం, నేను, మా ఆయన, పాపాయి భర్త. పాపాయి చక్రాల మంచం మీద పక్కనే ఉంది, వార్డులో పడుకోమంటే వినకుండా అక్కడికే తోయించుకుంది. అద్దం వెనక నీడ కదులుతోంది. నెమ్మదిగా. ఎప్పుడూ కదిలినంత నెమ్మదిగా. నా జేబులో ల్యాబు తాళాలున్నాయి. చేతిని వాటి మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆమె కాగితంతో బయటికి వచ్చింది. మా ముందు నుంచే నడిచి సర్జన్ గదివైపు వెళ్లింది. మావైపు తల కూడా తిప్పలేదు. ఆమె మొహంలో మంచి గానీ చెడు గానీ చీమ తలంత కనబడలేదు.

"ఏమైంది? ఆవిడ మొహం చూస్తే నీకు తెలిసే ఉంటుంది," అన్నారు మా ఆయన నా చెయ్యి పట్టుకుని.

"ఏమీ తెలియలేదు."

"ఇన్నేళ్లు కలిసి పనిచేశారు, అంతమాత్రం తెలియదా?"

"తెలియకూడదనే నేర్పాను," అన్నాను. మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆయన నేను ఏడుస్తున్నాననుకున్నారు. ఏడుపు కూడా ఉంది లెండి.

సర్జన్ బయటికి వచ్చాడు. "పచ్చగా ఉంది. వెళ్దాం," అన్నాడు. మా ఆయన లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. పాపాయి భర్త గోడవైపు తిరిగాడు. మంచం తోసే మనిషి బ్రేకు తీశాడు. పాపాయి అతన్ని చేత్తో ఆపి నన్ను దగ్గరికి పిలిచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె భయపడటం అప్పుడే చూశాను.

"వదినా, నువ్వు కూడా ఒకసారి చూశావా?"

"లేదు."

"తాళాలు నీ దగ్గరే ఉన్నాయిగా."

"ఉన్నాయి."

"మరి?"

"ఆమె చూసింది, పాపాయీ."

పాపాయి నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మంచం అంచు పట్టుకున్న చెయ్యి వదిలేసి వెనక్కి వాలి పడుకుంది.